కలిసి వండుకునే కళాకేంద్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

అద్దె గదిలో నాటకాల రిహార్సల్స్ చేసేవారు, పిల్లలకు బొమ్మలు నేర్పేవారు, నెలకోసారి కథలు చదువుకునేవారు ఎక్కడ కలిసినా రెండు దిగుళ్లు చెబుతారు: అద్దె కట్టలేకపోతున్నాం, మనుషులు నిలవడం లేదు. ఈ రెండింటికీ వంట కొంతవరకు మందు అవుతుందని నమ్మి, ఆ దారిలో నడిచినవారి అనుభవాలను చాలాకాలంగా గమనిస్తూ వచ్చాను. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

కళాకేంద్రానికి వంటతో ఏం పని?

ప్రదర్శన రోజున గది నిండుతుంది. మర్నాడు తాళం పడుతుంది. మన ఊళ్లలో చిన్న కళాకేంద్రాలు మూతపడే తీరు చాలావరకు ఇదే. ప్రేక్షకుడిగా వచ్చినవాడికి ఆ గదితో సంబంధం రెండు గంటలే. అదే మనిషి ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చింతపండు పిక్కలు తీస్తే, మినప్పప్పు పొట్టు కడిగితే, ఆ గదిలో ఏ గరిటె ఎక్కడుంటుందో అతనికి తెలుస్తుంది. తర్వాత ఆ గది కప్పు కారితే ఆ సంగతి అతను కూడా పట్టించుకుంటాడు.

ఇంకొకటి. బొమ్మల గురించి మాట్లాడాలంటే చాలామందికి బెరుకు. "నాకేం తెలుసు" అని వెనక్కి తగ్గుతారు. పప్పు ఉడికిందో లేదో చెప్పడానికి ఎవరూ బెదరరు. ఆ చోట నోరు విప్పినవారు, కొన్ని వారాలకు గోడమీది బొమ్మ గురించి కూడా నోరు విప్పుతారు.

కలిసి తింటే చాలదా? వండటం దాకా ఎందుకు?

చాలదు. ఇక్కడే నాకు గట్టి పట్టింపు ఉంది.

కార్తీకంలో వనభోజనాలు చూడండి. తోటలో ఉసిరిచెట్టు కింద పొయ్యి పెట్టి, పుల్లలు ఏరి, అందరూ తలో చేయి వేసి వండుకోవడంలోనే వాటి అందం ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల వంట కాంట్రాక్టు. వ్యాన్‌లో గిన్నెలు దిగుతాయి, ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడతాం, తిని ఇంటికి పోతాం. పక్కవారి పేరు కూడా అడగం. పైగా కులానికో వనభోజనం. తినడం కలిసే జరిగింది, కొత్తగా ఎవరూ కలవలేదు.

కళారంగంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1992లో న్యూయార్క్‌లోని 303 గ్యాలరీలో థాయ్ కళాకారుడు రిర్‌క్రిత్ తిరవనిజ వెనక గదుల సామానంతా ముందుకు జరిపి, ఖాళీ అయిన చోట థాయ్ కూర వండి, వచ్చినవారందరికీ ఉచితంగా పెట్టారు. అది కళాచరిత్రలో నిలిచిపోయిన పని. గ్యాలరీకి వచ్చి బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడే అలవాటును అది మార్చింది. అయినా అక్కడ వండేవారు ఒకరు, తినేవారు వేరొకరు. ఒక ప్రదర్శనకు అది సరిపోతుంది. ఏళ్ల తరబడి నడవాల్సిన కేంద్రానికి మాత్రం గరిటె చేతులు మారాలి.

ఎక్కడైనా కళాకారులు ఇలా చేసి చూశారా?

చేశారు. అందరికంటే ముందు గుర్తొచ్చేది న్యూయార్క్ సోహో ప్రాంతంలో 1971లో తెరిచిన 'ఫుడ్' అనే హోటల్. ప్రిన్స్ వీధి, వూస్టర్ వీధి కలిసే మూల మీద ఉండేది. నాట్యకారిణి కెరల్ గుడెన్, కళాకారిణి టీనా జిరార్డ్, భవనాలను కోసి శిల్పాలు చేసిన గోర్డన్ మట్టా-క్లార్క్, మరికొందరు మిత్రులు కలిసి పెట్టారు. అప్పట్లో సోహో అంటే ఫ్యాక్టరీలు ఖాళీ చేసి పోయిన పెద్ద పెద్ద గదులు. అద్దె చవక కాబట్టి కళాకారులు అందులో కాపురం పెట్టారు. చుట్టుపక్కల తినడానికి సరైన చోటు లేదు, చేతిలో పని లేదు. ఈ రెండు కొరతలను ఒక్క వంటగదితో తీర్చవచ్చని వాళ్లకు తట్టింది.

వంటగదిని గోడ చాటున దాచలేదు, తినేవారికి కనిపించేలా తెరిచి పెట్టారు. పనివాళ్లు కళాకారులే. ఒకరికి ప్రదర్శన దగ్గర పడితే సెలవు తీసుకుంటారు, ఆ వంతు ఇంకొకరు చేస్తారు. నాట్యం చేసేవారికి, శిల్పాలు చేసేవారికి ఇంతకంటే అనువైన ఉద్యోగం దొరకదు. అతిథి వంటవారిగా కళాకారులను పిలిచి విందులు చేయించేవారు. మట్టా-క్లార్క్ చేసిన ఎముకల విందు అందులో ప్రసిద్ధం. ఎద్దుతోక సూపు, మూలగ ఎముకలు వంటివి వడ్డించి, తిన్నాక మిగిలిన ఎముకలను కడిగి, రంధ్రాలు చేసి, తాడుకు గుచ్చి, తిన్నవారి మెడలోనే వేశారు. తిన్న భోజనాన్ని మెడలో హారంగా వేసుకుని వాళ్లు ఇంటికి వెళ్లారు.

అయితే ఆ హోటల్ వ్యాపారంగా గట్టిపడలేదు. గుడెన్ సొంత డబ్బు పెట్టారు, ఆ డబ్బు కరుగుతూ పోయింది. ఉదారంగా వడ్డించారు, లెక్కల దగ్గర అంత పట్టు చూపలేదు. మొదటి బృందం కొన్నేళ్లకే అలిసిపోయి ఇతరులకు అప్పగించింది. అంతటి ప్రతిభావంతులు అలా అలిసిపోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవి రెండు: తెరిచిన వంటగది, వంతులు మార్చుకునే పని. లెక్కలు మాత్రం వేరే చోట నేర్చుకోవాలి.

ఆ లెక్కలు ఎవరి దగ్గర నేర్చుకోవచ్చు?

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ వాళ్ల దగ్గర. ఆన్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ మైదానానికి కూతవేటు దూరంలో మిచెల్స్ అనే పాత బేకరీ ఉండేది. పునర్నిర్మాణం పేరుతో ఆ పేటలో ఇళ్లు ఖాళీ చేయించి కిటికీలకు పలకలు కొట్టారు. 2010 తర్వాత ప్రభుత్వం ఆ పథకానికి నిధులు ఆపేయడంతో పేట సగం ఖాళీగా మిగిలిపోయింది. కొనేవాళ్లు తగ్గి బేకరీ కూడా మూతపడింది. లివర్‌పూల్ బియనాలె కళోత్సవం పిలుపు మీద వచ్చిన డచ్ కళాకారిణి జానె వాన్ హేస్‌వైక్, అక్కడి యువతతో, పేటవాసులతో కలిసి ఆ భవనాన్ని ఏం చేయాలా అని ఆలోచించడం మొదలుపెట్టారు. అందులోంచి 'హోమ్‌బేక్డ్' పుట్టింది. 2012లో సంస్థలు ఏర్పడ్డాయి, 2013లో పొయ్యి మళ్లీ వెలిగింది. మ్యాచ్ ఉన్న రోజుల్లో మైదానానికి వెళ్లే అభిమానులకు వాళ్లు పిండి పొరలో కూరి కాల్చిన 'పై'లు అమ్ముతారు.

నాకు నచ్చిన తెలివి వాళ్ల సంస్థల ఏర్పాటులో ఉంది. భవనం పేటవాసుల భూ ట్రస్టుది. బేకరీ నడిపేది వేరే సహకార సంఘం. దుకాణానికి ఒక ఏడు నష్టం వచ్చినా గోడలు చేయిజారవు. మన దగ్గర గది, హార్మోనియం, గ్యాస్ పొయ్యి, అప్పు అన్నీ ఒక్క మనిషి పేరు మీదే ఉంటాయి. ఆ మనిషికి జబ్బు చేస్తే కేంద్రం మూతపడుతుంది.

అమెరికాలోని డెట్రాయిట్‌లో 2010లో మొదలైన 'సూప్' విందులది ఇంకో పద్ధతి. తలుపు దగ్గర 5 డాలర్లు ఇచ్చి లోపలికి వస్తే సూపు, సలాడ్, రొట్టె పెట్టేవారు. ఊరికి పనికొచ్చే ఆలోచనలు ఉన్న నలుగురు తలో నాలుగు నిమిషాలు మాట్లాడేవారు, నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చేవారు. తిన్నవారంతా ఓటు వేసేవారు. గెలిచినవారికి ఆ రాత్రి వసూలైన డబ్బు మొత్తం ఇచ్చేసేవారు. అంతకుముందే షికాగోలో 2007లో కళాకారుల బృందం ఒకటి ఆదివారం సూపు పేరుతో దాదాపు ఇదే పని చేసింది. దరఖాస్తులు రాసి, ఏడాది ఎదురుచూసి, చివరికి రాని గ్రాంటు కంటే ఈ చిన్న మొత్తం ఎన్నో రెట్లు నయం. ఒక వీధి నాటకానికి తెర, దీపాలు కొనుక్కోవడానికి ఇదే సరిపోతుంది.

మన దగ్గర ఇలాంటివి లేవా?

ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలను చూడండి. పి.వి. సతీష్ వంటివారు తోడుండగా, పేద దళిత మహిళలు జొన్న, కొర్ర, సామ వంటి పాతపంటలను, విత్తనాలను తిరిగి నిలబెట్టుకున్నారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్లను అలంకరించి, విత్తనాలు పెట్టుకుని, పాటలు పాడుతూ ఊరూరా పాతపంటల జాతర నడుపుతారు. ఆ సంఘాల మహిళలే కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో మొదలైన సంఘం రేడియో కూడా వాళ్లదే. తిండిని కాపాడే పని, పాట, సినిమా, రేడియో ఒకే చేతుల మీదుగా జరిగాయి. కళాకేంద్రం పెట్టాలనుకునేవారు న్యూయార్క్ వరకు వెళ్లలేకపోయినా పస్తాపూర్ వరకు వెళ్లి రావచ్చు.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో తెరిచిన 'లామకాన్' అనే సాంస్కృతిక వేదిక ఉండనే ఉంది. నాటకం చూడటానికి వచ్చినవారు, ఏ పనీ లేక వచ్చినవారు ఆవరణలోని క్యాంటీన్‌లో టీ, సమోసాల దగ్గర కలుస్తారు. అక్కడ మనం కొనుక్కుని తింటాం, వండం. అయినా మనుషులను కూర్చోబెట్టేది ఆ టీయే.

తిండి కాకపోయినా ఒకటి చెప్పాలి. చెన్నై దగ్గర చోళమండలం కళాగ్రామాన్ని 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు నెలకొల్పారు. బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో వాళ్లు మైనంతో అద్దకం వేసే బాతిక్ బట్టలు, చేతిపనులు చేసి అమ్మి నిలదొక్కుకున్నారు. కొంత సమయం అమ్ముడుపోయే పనికి, మిగతా సమయం తమకు నచ్చిన పనికి. వంటను ఎంచుకున్నవారిదీ ఇదే లెక్క.

ఏం వండాలి?

రెండు రకాలు పెట్టుకోండి: ఆ పూట తినేవి, నిలవ ఉండేవి. మనుషులను చేర్చడానికి మొదటిది, డబ్బుకు రెండోది. ఆ పూట తినేవాటిలో నా ఓటు పులిహోరకు, కిచిడికి, రాగిసంకటికి. పెద్ద గిన్నెలో ఒకేసారి అవుతాయి, కొలత తెలిసిపోతుంది. పులిహోర ఒక్కటే పెట్టేటట్లయితే మనిషికి 100 నుంచి 120 గ్రాముల బియ్యం లెక్క వేసుకుంటే 50 మందికి ఐదారు కిలోలు చాలు. దోసెలు వద్దు. ఒకరు పెనం దగ్గర నిలబడిపోతారు, మిగతావారు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

నిలవ ఉండేవాటిలో ఆవకాయను మించింది లేదు, రుచికే కాదు, మనుషులను కూర్చడానికీ. ఎంత పని ఉందో చూడండి. తెల్లవారకుండానే కాయలు కడగాలి, తడి లేకుండా తుడవాలి. బలమున్నవారు ముక్కల కత్తితో టెంకతో సహా కొట్టాలి. వయసు మీద పడినవారు నీడలో కూర్చుని జీడి తీసి, లోపలి పొర గీకి, ముక్కను పొడిబట్టతో తుడవాలి. పిల్లలు ముక్కలు లెక్కపెట్టవచ్చు. ఇద్దరు ఆవపిండి జల్లిస్తారు, ఒకరు కారం కొలుస్తారు. నాలుగు కొలతల ముక్కలకు ఒక్కో కొలత ఆవపిండి, కారం, కొలతకు కాస్త తక్కువ ఉప్పు, ముక్క మునిగేలా నువ్వులనూనె. ఇది ఒక లెక్క మాత్రమే. ఇంటికో లెక్క ఉంటుంది, ఆ లెక్కల మీద వాదన మొదలవుతుంది. ఆ వాదనే కావాలి. గుంటూరు వాళ్ల కారం, గోదావరి వాళ్ల బెల్లం, తెలంగాణ వాళ్ల అల్లం వెల్లుల్లి అన్నీ బయటికి వస్తాయి. మూడో రోజు తిరగకలపడానికి మళ్లీ అందరూ రావాలి. ఉప్పు చూడటానికి వచ్చినవాళ్లు సాయంత్రం నాటకం రిహార్సల్ చూసి వెళతారు.

తెలంగాణలో సకినాలకు కూడా ఈ గుణం ఉంది. నానబెట్టి విసిరిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్లబట్ట చుట్టూ అందరూ కూర్చుని వేళ్లతో మెలి తిప్పుతూ చుట్టలు చుడతారు. చేయి తిరిగినవారి చుట్టకు, కొత్తవారి చుట్టకు తేడా బొమ్మలో గీత తేడాలాగే కనిపిస్తుంది. చిత్రకళ నేర్చుకునే పిల్లలను ఆ బట్ట దగ్గర కూర్చోబెట్టి చూడండి. అరిసెలకు పాకం పట్టేవారు ఒకరు తెలిసి ఉండాలి, లేకపోతే వాటి జోలికి పోవద్దు. వడియాలు, అప్పడాలు ఎండాకాలానికి సరే.

అద్దె వంటతోనే వచ్చేస్తుందా?

రాదు. ఈ మాట ముందే చెప్పకపోతే ద్రోహం అవుతుంది.

అద్దె నెలకు 15,000 రూపాయలు అనుకోండి. అరకిలో పచ్చడి సీసా మీద ఖర్చులన్నీ పోను 80 రూపాయలు మిగిలిందనుకోండి. ఒక్క అద్దెకే నెలనెలా 188 సీసాలు అమ్మాలి. అప్పుడది పచ్చళ్ల కంపెనీ అవుతుంది, కళాకేంద్రం కాదు. అదే 30 మంది సభ్యులు నెలకు 300 చొప్పున ఇస్తే 9,000. వారాంతపు తరగతుల మీద 4,000 వస్తే, పచ్చడి నుంచి 2,000 చాలు. అంటే పాతిక సీసాలు. ఆ పాతిక సీసాలు ఇంకో పని కూడా చేస్తాయి. సభ్యులు నెలకు 300 ఎందుకిస్తారు? వాళ్లు ఆ పచ్చడి కలిపారు కాబట్టి. వంటవల్ల నేరుగా వచ్చే డబ్బు కంటే, వంటవల్ల నిలిచిన మనుషులు ఇచ్చే డబ్బు ఎక్కువ.

వంట లెక్కల పుస్తకం వేరుగా ఉండాలి. సరుకుల డబ్బుతో తెరలు కొనకండి, తెరల డబ్బుతో సరుకులు తేకండి. నెలాఖరున ఆ పుస్తకాన్ని గోడకు వేలాడదీయండి, ఎవరైనా చూడగలగాలి.

వండినవారికి డబ్బు ఇవ్వాలా?

అమ్మకానికి చేసిన పనికైతే తప్పకుండా ఇవ్వాలి. అందరూ కలిసి తినడానికి వండినప్పుడు అక్కర్లేదు. ఈ గీత మొదటి రోజే గీయండి.

1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో డాబా మీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. పొద్దున పిండి తీసుకువెళ్లి ఇంటి దగ్గర వత్తి తెచ్చిన ప్రతి మహిళకూ కూలి అందుతుంది, ఆమె ఆ సంస్థకు యజమాని కూడా. లాభమైనా నష్టమైనా అందరిదీ. అంత పెద్ద సంస్థ కావాలని ఎవరికీ చెప్పను, కాని చేసినవారే యజమానులన్న ఆ సూత్రం పది మంది బృందానికీ వర్తిస్తుంది. సేవ పేరుతో ఉచితంగా పనిచేయించుకున్న కేంద్రాల్లో మొదట మానేసేది డబ్బు అవసరమున్నవారే. చివరికి తీరిక, ఆస్తి ఉన్నవారు మాత్రమే మిగులుతారు.

వంట ఎవరు చేయాలన్న దగ్గర కులం అడ్డు రాదా?

వస్తుంది. రాదని చెప్పేవారిని నమ్మకండి.

మన దేశంలో కలిసి తినడం పోరాటంగానే మొదలైంది. 1917లో కేరళలోని చెరాయిలో సంఘ సంస్కర్త సహోదరన్ అయ్యప్పన్, అంటరానివారిగా చూసిన పులయ కులస్థులతో కలిసి భోజనానికి కూర్చుంటే, సొంత ఈళవ సమాజమే ఆయనను వెలివేసింది. 'పులయన్ అయ్యప్పన్' అని ఎగతాళి చేశారు. ఆ పేరును ఆయన గౌరవంగా స్వీకరించారు. కృష్ణా జిల్లాలో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా సహపంక్తి భోజనాలను ఉద్యమంలా నడిపారు. అన్ని కులాలవారూ ఒకే వరుసలో కూర్చుని తినడానికే అంత తెగువ కావలసి వచ్చింది.

పక్కన కూర్చుని తినడాన్ని ఈనాడు చాలామంది ఒప్పుకుంటారు. ఫలానావారు వండితే తినడం దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెనకాడతారు. ఏవో సాకులు చెబుతారు, ఉపవాసమంటారు, కడుపులో బాగాలేదంటారు. బడుల్లో మధ్యాహ్న భోజనం దళిత మహిళ వండిందని పిల్లలను తిననివ్వని తల్లిదండ్రుల వార్తలు మనమందరం చదివినవే. కాబట్టి వండటానికి వంతులు పెట్టినప్పుడు ఎవరి పేరునూ దాటవేయకండి. ఎవరో తినరేమోనని ముందే భయపడి ఒకరిని కూరగాయలు తరగడానికే పరిమితం చేస్తే, ఆ కేంద్రం గోడల మీద ఎన్ని విప్లవ చిత్రాలున్నా దండగ. తినని వారు తినకపోతారు. వండే వంతు మాత్రం మారకూడదు. నేను చూసినంతలో వెళ్లిపోయేవారు కొద్దిమంది, మెల్లగా మారేవారే ఎక్కువ. వెళ్లిపోయినా సరే, నియమం సడలించకండి.

మాంసాహారం వండవచ్చా?

వండవచ్చు, వండాలి కూడా. కళాకేంద్రం శాకాహారానికే పరిమితమంటే, సభ్యుల్లో ఎక్కువమంది ఇంటి వంట ఆ గదిలోకి రాకూడదని చెప్పినట్టే. వేరే గిన్నెలు, వేరే గరిటెలు పెట్టుకుంటే శాకాహారులకు ఇబ్బంది ఉండదు. బోటి, తలకాయ కూర, ఎండుచేపల పులుసు తమ ఇంట్లో ఎలా చేస్తారో చెప్పే రోజున, అంతకుముందు మాట్లాడనివారు గంటసేపు మాట్లాడటం చూస్తారు.

చివరికి వంటంతా ఆడవాళ్ల మీదే పడదా?

పట్టించుకోకపోతే కచ్చితంగా పడుతుంది. ఇంట్లో ఎలాగూ తప్పని పని ఇక్కడా తగులుకుంటే ఆమె కేంద్రానికి ఎందుకు రావాలి? వంతుల పట్టిక గోడమీద రాయండి. వండటానికి, కడగటానికి, సరుకులు తేవడానికి వేర్వేరు గడులు పెట్టండి. గిన్నెలు కడిగే గడిలో మొదటి నెల మగవారి పేర్లే రాయండి. తప్పించుకోలేని పని ఉందని చివరి నిమిషంలో తప్పుకునేవారు తమ బదులు మనిషిని తామే చూసుకోవాలి. నాటకం కరపత్రంలో దర్శకుడి పేరు, దీపాలు పెట్టినవారి పేరు వేస్తాం కదా, ఆ పూట వండినవారి పేర్లు కూడా అదే అక్షరాల సైజులో వేయండి.

రంగులూ వంటా ఒకే గదిలో ఉండవచ్చా?

ఉండకూడదు. కొన్ని రంగుల్లో సీసం, కాడ్మియం ఉంటాయి. కుంచెలు కడిగే చోట బియ్యం కడగవద్దు. టర్పెంటైన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి మండగలవు. చిత్రకారులకు ఈ సంగతి తెలిసినా, వంటకు వచ్చినవారికి తెలియదు. ఆ గుడ్డలను పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. ఒక్కటే గది ఉంటే, పొయ్యిని వసారాలోకి మార్చండి. పోపు పొగ కాన్వాసులకు కూడా మంచిది కాదు.

తిండివల్ల ఎవరికైనా జబ్బు చేస్తే?

ఆ భయం ఉండాల్సిందే. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో పెరిగే బాక్టీరియా విషాన్ని తయారుచేస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. కాబట్టి రెండు గంటల్లో తినేయండి. నాటకం అయ్యాక భోజనమైతే, నాటకం మధ్యలో అన్నం వార్చండి, ముందు కాదు. పచ్చడికి తడి శత్రువు: తడి గరిటె, తడి సీసా, తడి చేయి ఏదీ తగలకూడదు. జ్వరం, విరేచనాలు ఉన్నవారు ఆ రోజు వంతు మానుకోవాలి. వేరుశనగ, నువ్వులు, ఆవాలు పడనివారు ఉంటారు, ఏమేం వేశారో చిన్న పలక మీద రాసి గిన్నె పక్కన పెట్టండి.

అనుమతులు ఏం కావాలి?

సభ్యులు తమకోసం వండుకుంటే పెద్దగా ఏమీ అక్కర్లేదు. అమ్మకం మొదలుపెట్టగానే, ఎంత చిన్న స్థాయిలోనైనా, 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సీసా మీద దినుసులు, బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండర్ అమ్మకపు వంటకు వాడకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండర్ తెచ్చుకోండి.

సంస్థగా నమోదు కావడానికి తెలుగు రాష్ట్రాల్లో రెండు దారులు ఎక్కువగా వాడతారు. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు చాలు, కాని లాభాన్ని సభ్యులు పంచుకోకూడదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పది మంది కావాలి. మిగులును సభ్యులకు పంచే వీలు అందులో ఉంది. కేంద్రాన్ని సొసైటీగా, పచ్చళ్ల పనిని సహకార సంఘంగా విడివిడిగా నమోదు చేయమనే నా సలహా. పైన చెప్పిన లివర్‌పూల్ తెలివి ఇదే.

మేం అమెరికాలో ఉన్నాం. తెలుగు సంఘం హాలులో ఇలా చేయవచ్చా?

కలిసి వండుకుని తినడం హాలు నియమాలను బట్టి ఉంటుంది. అమ్మకానికి మాత్రం ఇంటి వంట చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. పొడులు, మురుకులు లాంటి పొడి పదార్థాలకు అనుమతి తేలిక, పచ్చళ్లకు చాలాచోట్ల కష్టం. మీ కౌంటీ ఆరోగ్య శాఖను అడిగాకే సీసాలు కొనండి. ఇంకో మాట: క్యాటరింగ్ చెప్పి పండుగ చేసే అలవాటు అక్కడ మరీ ఎక్కువ. ఒక్క సంక్రాంతికైనా పిల్లలను కూడా కూర్చోబెట్టి సకినాలు చుట్టించండి. తెలుగు మాట్లాడమని బతిమాలే పని ఆ పూటకి ఉండదు.

వంట ఎక్కువై కళ వెనకపడదా?

ఆ ప్రమాదం నిజమే. వంట రోజూ జరిగేది, నాటకం ఏడాదికి రెండుసార్లు జరిగేది. ఏది జరుగుతూ ఉంటే సమయమంతా దానికే పోతుంది. అందుకే వారానికి ఒక్క రోజే వంట పెట్టండి. మిగతా రోజుల్లో పొయ్యి ముట్టించవద్దు. రిహార్సల్ నెలలో అమ్మకపు ఆర్డర్లు తీసుకోవద్దు, ఎంత పెద్ద ఆర్డరైనా సరే. వంటే కళ కదా అని కొందరు వాదిస్తారు. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండమీద పూతరేకు తీసే చేయి చూస్తే నేనూ కాదనలేను. కాని మీరు కేంద్రం పెట్టింది నాటకం కోసమైతే, నాటకం ఆడాలి.

ఎంత మందితో, ఎప్పుడు మొదలుపెట్టాలి?

పది, పన్నెండు మంది చాలు. గది లేకపోయినా ఎవరి డాబా మీదనైనా మొదలుపెట్టవచ్చు. మొదటి మూడు నెలలు అమ్మకం వద్దు. వారం వారం కలిసి వండుకుని తినండి, ఒకరు కథ చదవండి, ఒకరు పాడండి. సరుకుల ఖర్చు తలా పంచుకోండి. వంతుల పట్టిక తగువు లేకుండా మూడు నెలలు నడిచిందంటే అప్పుడు రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి. ఎండాకాలం ముందు మొదలుపెడితే మామిడికాయల వేళకు బృందం కుదురుకుంటుంది. పెద్ద గిన్నెలు, ముక్కల కత్తి, జాడీలు కొనకండి. ఊళ్లో ప్రతి పాత ఇంట్లో అటక మీద ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఇచ్చినవారిని ఆ రోజు వంటకు కూడా పిలవండి.